షుగర్ తగ్గిందని సంతోషించాం

సంపాదకుడి గారికి నమస్కారం.

మా నాన్నగారికి 64 ఏళ్లు. 22 ఏళ్లుగా షుగర్ ఉంది. రెండేళ్ల కిందట ఉన్నట్టుండి రీడింగులు దిగడం మొదలైంది. రాత్రిపూట 20 యూనిట్ల ఇన్సులిన్ వేసుకునే మనిషికి 12 సరిపోయేది. ఒకరోజు తెల్లవారుజామున ఒళ్లంతా చెమటలు పట్టి మాట తడబడింది. చూస్తే షుగర్ 52. పంచదార నీళ్లు తాగించి గండం గడిచిందనుకున్నాం. పథ్యం గట్టిగా చేస్తున్నారు కాబట్టి తగ్గిందని సంతోషించామే గానీ, ఎందుకు తగ్గిందని డాక్టరును అడగలేదు. కిడ్నీలు దెబ్బతింటే ఇన్సులిన్ ఒంట్లోనే ఎక్కువసేపు నిలిచిపోతుందట. మూడు నెలల తర్వాత, మెడలో గొట్టం వేసి డయాలసిస్ చేసిన రోజున ఆ సంగతి తెలిసింది.

ఆయన పరీక్షలు ఎగ్గొట్టిన మనిషి కాదు. నెలనెలా షుగర్, బీపీ చూపించుకున్నారు. కిడ్నీలు దెబ్బతింటున్నాయని ముందే పట్టించే పరీక్ష, మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ పోతోందా అని చూసేది, మాత్రం ఇన్నేళ్లలో ఎవరూ రాయలేదు. పాత రిపోర్టులో క్రియాటినిన్ (కిడ్నీలు రక్తంలోంచి వడకట్టాల్సిన వ్యర్థం) 1.6 ఉంటే 'కాస్త ఎక్కువుంది' అని వదిలేశారు. ఆయన వయసుకు లెక్కగడితే అప్పటికే కిడ్నీల పనితీరు దాదాపు సగానికి పడిపోయినట్టు. అది తెలియక మోకాళ్ల నొప్పులకు కిడ్నీలకు చేటు చేసే మెడికల్ షాపు నొప్పి బిళ్లలు వాడారు. నీరసంగా ఉందంటే రోజూ కొబ్బరి బోండాం తాగించింది నేనే. అందులో ఉండే పొటాషియం అలాంటివారి గుండెకే ప్రమాదమని తెలిశాక చాలా రోజులు నిద్రపట్టలేదు.

మన రాష్ట్రంలో డయాలసిస్ ఉచితంగా చేస్తున్నారు, నెలకు 10,000 రూపాయల పింఛనూ ఇస్తున్నారు. ఎన్నో కుటుంబాలు దానివల్లే నిలబడ్డాయి. కానీ ఈ సాయమంతా కిడ్నీలు పోయాకే అందుతోంది. ఏఎన్ఎంలు ఇంటికొచ్చి బీపీ, షుగర్ చూస్తున్నారు. షుగర్ ఉన్న ప్రతి మనిషికీ ఏడాదికోసారి మూత్రంలో అల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ కూడా పీహెచ్‌సీలో చూడాలి. రిపోర్టులో కిడ్నీలు ఎంతమేరకు పనిచేస్తున్నాయో చెప్పే ఈజీఎఫ్‌ఆర్ తప్పకుండా రాయాలి. కిడ్నీ దెబ్బతినడాన్ని నెమ్మదింపజేసే డపాగ్లిఫ్లోజిన్ అనే మందు ధర పేటెంటు తీరాక బాగా తగ్గింది. అయితే ముందుగా పట్టుకుంటేనే దానివల్ల ఎక్కువ మేలు.

ఈజీఎఫ్‌ఆర్ 30 కంటే తగ్గినవారిని ఆలస్యం చేయకుండా కిడ్నీ డాక్టరు దగ్గరికి పంపాలి. ఇన్సులిన్ ఎంత తగ్గించాలి, షుగర్ బిళ్ల మెట్‌ఫార్మిన్ ఎప్పుడు ఆపాలి, ఏం తినాలి, ముందుముందు డయాలసిస్ కోసం ఏ చేతికి సూదులు గుచ్చనివ్వకూడదు అన్నవి కూర్చోబెట్టి తెలుగులో చెప్పే మనిషి ప్రతి జిల్లా ఆసుపత్రిలోనూ ఉండాలి.

నాన్న ఎడమ చేతికి ఇప్పుడు ఫిస్టులా ఉంది, అంటే డయాలసిస్ సూదుల కోసం ఆపరేషన్ చేసి రెండు రక్తనాళాలను కలిపారు. వేళ్లు ఆనిస్తే లోపల రక్తం జుమ్మని పరుగెత్తడం తెలుస్తుంది. అది సూదికి పనికొచ్చేలా తయారవడానికే వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఆరు నెలల ముందే ఆ ఆపరేషన్ చేయించి ఉంటే మెడలో గొట్టం, దానికి పట్టిన ఇన్ఫెక్షన్, 11 రోజుల ఐసీయూ తప్పేవి. ఆరోగ్య శాఖ అధికారులు ఈ విషయం పట్టించుకోవాలని మీ పత్రిక ద్వారా వేడుకుంటున్నాను.

– ఒక పాఠకురాలు, కాకినాడ జిల్లా