ఇన్సినరోర్ వాడేవాళ్లందరికీ

అందరికీ నమస్తే. ఆదివారం ప్రాక్టీసుకి ముందు ఒక మాట. పోకెమాన్ డబుల్స్‌లో, అంటే ఒక్కో వైపు రెండేసి పోకెమాన్లు దిగే ఆటలో, ఇన్సినరోర్ అనే పోకెమాన్ గెలిపించేది దెబ్బతో కాదు, రాకపోకలతో. లోపలికి రాగానే ఇంటిమిడేట్ అనే దాని ఎబిలిటీ (సహజ గుణం) వల్ల ఎదుటి ఇద్దరి అటాక్ మూడో వంతు పడిపోతుంది. ఫేక్ అవుట్ అనే దెబ్బ పడితే ఒకరికి ఆ టర్న్ పోయినట్టే, కానీ అది వచ్చిన మొదటి టర్న్‌లోనే పనిచేస్తుంది. అందుకే పార్టింగ్ షాట్ (కొట్టినదాన్ని వెనక్కి తెచ్చే మూవ్) కొట్టి బయటికి రండి, మళ్లీ దింపండి, రెండూ మళ్లీ దొరుకుతాయి. దాన్ని చివరిదాకా బతికించుకోండి, ప్లీజ్. అసాల్ట్ వెస్ట్ అనే ఐటెమ్ మాత్రం తొడగొద్దు, పార్టింగ్ షాట్ వాడనివ్వదు.

నిన్న రాత్రి నేను చూసుకోకుండా ఇన్సినరోర్‌ని ఎదుటివాళ్ల కింగాంబిట్ ముందు దింపాను. ఇంటిమిడేట్‌తో దాని అటాక్ ఒక మెట్టు తగ్గి, డిఫయంట్ అనే దాని ఎబిలిటీ వల్ల వెంటనే రెండు మెట్లు పెరిగింది. తర్వాతి టర్న్‌లో దాని సక్కర్ పంచ్ దెబ్బకి నా ఇంకో పోకెమాన్ ఫ్లటర్ మేన్ పోయింది, మ్యాచ్ అక్కడే చేజారింది. మ్యాచ్‌కి ముందు ఎదుటి టీమ్ కనిపించే టీమ్ ప్రివ్యూలో కింగాంబిట్, ఇలాగే లాభపడే మైలోటిక్ ఉన్నాయేమో ముందు చూడండి. ఘోస్ట్ టైపు మీద ఫేక్ అవుట్ పారదు, సైకిక్ టెర్రెయిన్ అనే ఫీల్డ్ ఎఫెక్ట్ ఉంటే నేల మీదున్నవాటికీ తగలదు.

మీ ఆరు పోకెమాన్ల టీమ్ శనివారం రాత్రిలోగా ఇక్కడ పెట్టండి, కలిసి చూద్దాం.