నన్ను నడిపించినవాళ్లకు, నా కంచం సరిచేసినవాళ్లకు

గుండె రక్తనాళంలో స్టెంటు వేసినప్పటి నుంచి ఫోన్ చేసి, ఇంటికొచ్చి, మెసేజ్ పెట్టి అడిగినవాళ్లందరికీ విడివిడిగా జవాబు చెప్పడం నా వల్ల కావట్లేదు, అందుకే ఇక్కడే అందరికీ కలిపి రాస్తున్నాను. బాగున్నానండి. మాత్రలు వేళకు వేసుకుంటున్నాను, నడుస్తున్నాను, మళ్లీ కుండ ముందు కూర్చుని పూతరేకులు తీస్తున్నాను. అప్పుడు 86 కిలోలు, ఇప్పుడు 79.

ప్రాణం నిలబెట్టిన రాజమండ్రి డాక్టరుగారికి, అక్కడి నర్సులకు ముందుగా దండం. ఆయన మొహం మీద చెప్పేశారు, స్టెంటు ఆ ఒక్క అడ్డాన్నే తీసింది, మిగతా రక్తనాళాల సంగతి మీ చేతుల్లో ఉంది అని. లావు తగ్గాలన్నారు గానీ సన్నజాజి తీగలా అవ్వమనలేదు. ఉన్న బరువులో నూటికి 5 నుంచి 10 వంతులు తగ్గినా బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ మూడింటికీ మేలేనట, నాకైతే నాలుగు నుంచి ఎనిమిది కిలోలు. ఆ లెక్క విన్నాకే నాకు టెన్షన్ సగం పోయింది.

ఇంటికొచ్చేసరికి చుట్టాల సలహాలు సిద్ధంగా ఉన్నాయి. అన్నం పూర్తిగా మానెయ్యమని ఒకరు, రోజూ కొబ్బరినూనె తాగితే కొవ్వు కరిగిపోతుందని ఇంకొకరు, మూడు పూటలా రాగిజావే అని మరొకరు. అందరిదీ ప్రేమే, కాదనను. కానీ ఈ గందరగోళంలోంచి నన్ను బయటపడేసింది ఆసుపత్రిలో డైటీషియన్‌గా ఉన్న అమ్మాయి. మా కోడలు వయసు కూడా ఉండదు. చేతిలో కాగితం పెట్టి ఓట్స్ తినండి, సలాడ్ తినండి అని పంపించెయ్యలేదు. మీ ఇంట్లో వంట ఎవరిది, బియ్యం దేనితో కొలుస్తారు, నూనె ప్యాకెట్ ఎన్నాళ్లొస్తుంది, ఆవకాయ ఏ పూట వేసుకుంటారు అని ఒక్కొక్కటీ అడిగి రాసుకుంది. తర్వాత చెప్పింది, అన్నం మానక్కర్లేదమ్మా, కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు ముందు వడ్డించుకుని ఆ మిగిలిన చోటులోనే అన్నం, పప్పో చేపో పెట్టుకోండి అని. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు చెప్పే కంచం కూడా దాదాపు ఇలాగే ఉంటుందట. బీరకాయ, ఆనపకాయ, తోటకూర మనకేం కొదవ.

చేప మానమనలేదు, వేపుడు మానమంది. పులుసు పెట్టుకోండి, కానీ పైన నూనె తేలేలా కాదు అంది. ఉప్పుచేప మాత్రం వద్దే వద్దని గట్టిగా చెప్పింది. రోజు మొత్తం మీద ఉప్పు 5 గ్రాముల లోపే, అంటే టీస్పూను కన్నా తక్కువ, కూర, పచ్చడి, అప్పడం, మజ్జిగలో వేసేది అన్నీ కలిపే ఆ లెక్క. మొదట్లో నోటికి ఏమీ ఎక్కలేదు, తర్వాత నిమ్మకాయ, మిరియాలు, వెల్లుల్లితో నాలుక సర్దుకుంది. నూనె నెలకు మనిషికి అర లీటరు. కొబ్బరి విషయంలో మాత్రం కాసేపు వాదించాను, కోనసీమలో పుట్టి కొబ్బరి మానమంటే ఎలా అని. మానొద్దు, పచ్చడిలో తగ్గించండి, నూనె తాగడం మాత్రం వద్దు, దానిలో ఎక్కువ భాగం గట్టి కొవ్వే, చెడ్డ కొలెస్ట్రాల్‌ను పెంచుతుంది అని ఓపిగ్గా చెప్పింది. పంచదార పూతరేకులు కాకపోతే బెల్లంవి తినొచ్చా అని ఆశగా అడిగాను, మా కస్టమర్లు అడిగినట్టే. నవ్వేసి, బెల్లమైనా లోపలికెళ్లాక చక్కెరేనమ్మా, నెయ్యి ఎలాగూ ఉంది అంది. అలా అని జన్మలో ముట్టొద్దనలేదు, పండక్కి ఒకటి, అదీ సగం అంది. తల్లీ, నువ్వెక్కడున్నా చల్లగా ఉండాలి.

నడక నేర్పిన ఫిజియో బాబుకి కూడా థాంక్స్. వరండాలో ఆరు నిమిషాలు నడిపించి ఎంత దూరం వెళ్లానో కొలిచాడు, నడకకు ముందూ తర్వాతా బీపీ, ఆక్సిజన్ చూశాడు, దాన్ని బట్టే ఇంట్లో ఎంత నడవాలో చెప్పాడు. మొదట చదునైన చోట కొద్ది నిమిషాలు, మెల్లగా పెంచుకుంటూ రోజుకు అరగంట, వారానికి కనీసం ఐదు రోజులు. నేను వేసుకునే ఒక మాత్ర గుండె వేగాన్ని తగ్గిస్తుంది కాబట్టి పల్స్ చూసి శ్రమ అంచనా వెయ్యొద్దన్నాడు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, అదీ సరైన వేగం. భోంచేసిన వెంటనే నడవొద్దు, బరువులెత్తి ఊపిరి బిగబట్టొద్దు. ఛాతీలో బరువు, దవడకో చేతికో లాగడం, కళ్లు తిరగడం, ఏదొచ్చినా ఆగి కూర్చుని, డాక్టరుగారు రాసిచ్చిన మాత్ర నాలుక కింద పెట్టుకోవాలి, ఐదు నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోన్. ఆ మాత్రల డబ్బా ఇప్పుడు నా చెప్పుల పక్కనే ఉంటుంది.

కాగితం మీద ఉన్న ఆ నడకని కాలవగట్టు మీదికి తెచ్చింది మా వీధి టీచరమ్మగారు, పీఈటీగా చేసి రిటైరయ్యారు. లొల్ల లాకుల వైపు పొద్దున్నే నడిచే ఆడవాళ్ల బ్యాచ్ ఆవిడదే, అందరూ జోరుగా వెళ్లిపోయేవాళ్లే. నాకు సిగ్గు, ఇంత శరీరం వేసుకుని రొప్పుతుంటే ఎవరైనా చూస్తారేమోనని. ఆవిడ ఏమీ అనకుండా బ్యాచ్‌ని రెండు చేసి, నాతో మెల్లగా నడిచేది తనే పెట్టుకున్నారు, ఆ వేగానికి ఆవిడకి చెమట కూడా పట్టదు. ఎండలు ముదిరాక తెల్లవారకముందే తలుపు కొట్టేవారు. అక్కయ్యగారూ, ఈ రుణం ఎలా తీర్చుకోను.

మా పాకలో నాతో పని చేసే వదినకీ చెప్పాలి. బోర్లించిన కుండ కింద కమ్మల మంట, ఎదురుగా గంటలకొద్దీ అదే కూర్చోవడం, ఆ పొగ, ఇవన్నీ గుండెకి మంచివి కావని డాక్టరుగారు అన్నారని తెలిసి, కాసేపు నేను రేకులు తీస్తే కాసేపు తను తీసేలా పని పంచుకుంది. మధ్యలో లేపి వీధి చివరిదాకా తిప్పి తెస్తుంది. బెల్లంపొడి, నెయ్యి రుచి చూసే బాధ్యత కూడా తనే తీసుకుంది, ఈ త్యాగానికి మాత్రం పెద్దగా బాధపడుతున్నట్టు కనిపించదు. పొగ పోయేలా పాక వెనకవైపు గోడ తీయించిన మా అబ్బాయికి, ఉప్పు డబ్బా దాచేసే మా కోడలికి ఇంట్లోనే చెప్పుకుంటాను.

ఇంకో మాట, తినకపోతే నా మీద ఒట్టే అంటూ విస్తరిలో రెండోసారి వడ్డించే ఊరు మనది. మొన్న పెళ్లిలో ఒక్కరంటే ఒక్కరు నన్ను బలవంతం చెయ్యలేదు. అది ఎంత పెద్ద సాయమో మీకు తెలీదు.

నా డైట్ కాగితం ఫొటో పెట్టమని చాలామంది అడిగారు. పెట్టనండి, కోపం తెచ్చుకోకండి. అది నా మాత్రలకి, నా రిపోర్టులకి సరిపడా రాసింది. కొన్ని బీపీ మాత్రలు వాడేవాళ్లు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు కొబ్బరినీళ్లు కూడా అడిగే తాగాలి. రక్తం పలచబరిచే మాత్రల్లో కొన్నింటితో ఆకుకూర ఒకరోజు బుట్టెడు, ఒకరోజు సున్నా అంటే కుదరదు. మీ డాక్టరుగారినే అడగండి.

అన్నట్టు సంక్రాంతి ఆర్డర్లు ఈసారి సగమే తీసుకుంటున్నాం, ముందే చెప్పేస్తున్నా, తర్వాత మొహమాటపెట్టొద్దు.