ఫిర్యాదు: డయల్ మీద 250, లోపల 195

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: మీ 40 లీటర్ల ఓటీజీ (కరెంటు రాడ్లతో వేడెక్కే) ఓవెన్‌లో వేడి చాలడం లేదు. మార్చి ఇవ్వండి, లేదా డబ్బు వాపసు చెయ్యండి.

అయ్యా,

మూడు నెలల క్రితం మీ ఓవెన్ కొన్నాం. 250 డిగ్రీల దాకా వెళ్తుందని డబ్బా మీద పెద్ద అక్షరాలతో ఉంది. పక్కనే ఎర్రగా కాలిన రొట్టె బొమ్మ. ఆ రెండూ చూసే కొన్నాను. కేకులకైతే మా పాత చిన్న ఓవెన్ సరిపోయేది.

మాది యానాం. మా మామగారు పుదుచ్చేరిలో ఉద్యోగం చేసినన్నాళ్ళూ పొద్దున్నే పొడుగాటి ఫ్రెంచి రొట్టె తిన్న మనిషి. బేకరీలో దొరికే మెత్తటి తియ్య బ్రెడ్డు ఆయనకి ఎక్కదు. అందుకని ఆదివారాలు ఇంట్లోనే ఆ రొట్టె చెయ్యడం మొదలుపెట్టాను, ఇప్పుడు పిల్లలకీ అలవాటైపోయింది.

అరకిలో మైదా, 325 గ్రాముల నీళ్ళు, 10 గ్రాముల ఉప్పు, 5 గ్రాముల ఈస్టు. అంతే. పాలు, పంచదార, వెన్న పడవు. కాబట్టి రంగు రావాలన్నా, పెచ్చు కరకరలాడాలన్నా వేడి ఒక్కటే దిక్కు. 230 డిగ్రీలైనా ఉండాలి. మొదటి పది నిమిషాలు కింది ట్రేలో మరిగే నీళ్ళు పోసి ఆవిరి పట్టిస్తాను. పైపొర తొందరపడి గట్టిపడకుండా ఉంటేనే రొట్టె పొంగుతుంది. ఆ తర్వాత ట్రే తీసేసి పదిహేను నిమిషాలు. బయటికి తీశాక, చల్లారేటప్పుడు పెచ్చు సన్నగా చిటపటమనాలి. మామగారు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని వింటారు.

మీ ఓవెన్‌లో నలభై నిమిషాలు ఉంచినా పాలిపోయే ఉంది. ఆయన చెవి దగ్గర పెట్టుకుని, "ఏం పలకట్లేదమ్మాయ్. దీనికంటే దిబ్బరొట్టె పెచ్చే నయం" అన్నారు.

ముందు నన్ను నేనే అనుమానించుకున్నాను. ఈస్టు మార్చాను, మైదా మార్చాను, నాలుగు ఆదివారాలు పోయాయి. చివరికి పంచదారతో పరీక్ష పెట్టాను. పంచదార 186 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఫాయిల్ కాగితంలో ఒక చెంచాడు వేసి, డయల్ 230 దగ్గర పెట్టి ఇరవై నిమిషాలు ఉంచితే, తీసేసరికి ఇసకలా పొడిపొడిగానే ఉంది. తర్వాత ఓవెన్ థర్మామీటర్ కొన్నాను. రెండు రాడ్లూ వేసి, డయల్ చివరిదాకా తిప్పి, నలభై నిమిషాలు ఆగినా ముల్లు 195 దాటలేదు. ఫొటోలు, బిల్లు నకలు జతచేశాను.

మీరు పంపిన టెక్నీషియన్ తలుపు తీసి లోపల చెయ్యి పెట్టి, "హీట్ బాగానే వస్తోంది మేడమ్" అన్నాడు. థర్మామీటర్ చూపిస్తే, అది చైనాదన్నాడు. పంచదార ఏ దేశానిదో అడగలేదు. పైన కాస్త పాలు, పంచదార పూస్తే రంగు వస్తుందని సలహా కూడా ఇచ్చాడు. ఫ్రాన్స్‌లో 'సంప్రదాయ ఫ్రెంచి రొట్టె' అన్న పేరుతో అమ్మేదాంట్లో అదనపు రసాయనాలేవీ కలపకూడదని 1993లో ప్రభుత్వమే ఉత్తర్వు ఇచ్చింది. ఓవెన్ లోపాన్ని పాలతో కప్పిపుచ్చమంటే నేనెలా ఒప్పుకుంటాను? వారంటీలో ఉన్న వస్తువుకి 450 రూపాయల విజిటింగ్ చార్జి తీసుకుని, కాగితం మీద 'సమస్య లేదు' అని రాసి వెళ్ళాడు.

ఓవెన్ మార్చి ఇవ్వండి. మార్చిన దాంట్లోనూ 230 రాకపోతే పూర్తి డబ్బు వాపసు ఇవ్వండి. ఆ 450 మాత్రం ఎలాగైనా తిరిగి ఇవ్వాల్సిందే. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయిస్తాను, ఆ పైన వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మేమున్న చోటే కేసు వేసుకోవచ్చు, అయిదు లక్షల లోపు వస్తువుకి ఫీజు కూడా లేదు.

మళ్ళీ మనిషిని పంపేటట్టయితే, మీకు నమ్మకమున్న థర్మామీటర్ ఇచ్చి పంపండి. పంచదార మా ఇంట్లో ఉంది.

ఇట్లు,
మీ ఓవెన్ కొన్న వినియోగదారు,
యానాం