నెగటివ్ అంటే శుభ్రమని ఎవరు చెప్పారు?

సంపాదకుడు గారికి,

పది రోజుల కిందట మీ క్రీడల పేజీలో, పందెపు గుర్రాలకు నిషేధిత మందులు ఇచ్చారేమోనని చేసిన పరీక్షల మీద 'శాంపిళ్లన్నీ నెగటివ్, గుర్రప్పందేలకు క్లీన్ చిట్' అనే వార్త వేశారు. ఉత్తరం ఆలస్యమైందని తెలుసు. తెలిసినవాళ్లు ఇంకెవరైనా రాస్తారేమోనని ఆగాను. ఎవరూ రాయలేదు.

ముందు ఆ ఫొటో సంగతి. తెల్లకోటు వేసుకున్న ఒకాయన మైక్రోస్కోపులో కన్ను పెట్టి చూస్తున్నాడు. గుర్రం మూత్రంలో కెఫీన్ ఉందో లేదో మైక్రోస్కోపులో కనబడదండీ. క్రోమటోగ్రఫీలో దేనికది విడదీసి, మాస్ స్పెక్ట్రోమీటరులో అణువుల బరువు చూసి పట్టుకుంటారు. పైగా నానోగ్రాములు అని ఉండాల్సిన చోట మిల్లీగ్రాములు అని అచ్చేశారు. ఒక మిల్లీగ్రాముకు పది లక్షల నానోగ్రాములు. ఏ మంత్రిగారి ఆస్తుల లెక్కలోనైనా ఇంత తేడా వస్తే మర్నాడే సవరణ వేసేవారు. గుర్రం కదా, అడిగేవాడెవడు!

నేను ఇలాంటి ల్యాబులో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. శాంపిల్ ఎలా వస్తుందో మీ విలేకరి ఒక్కసారి చూసి ఉంటే బాగుండేది. రేసు అయిన గుర్రాన్ని ఒంటిమీద చెమట ఆరకముందే శాంపిల్ తీసే కొట్టంలోకి తెస్తారు. ఒక మనిషి పొడుగాటి కర్ర చివర డబ్బా తగిలించుకుని పక్కన నిలబడి సన్నగా ఈల వేస్తుంటాడు. ఈల వినగానే మూత్రం పోయడం చాలా గుర్రాలకు అలవాటు చేసి ఉంటారు. ఒక్కోసారి గంటసేపు ఈలే మిగులుతుంది, అప్పుడిక రక్తం తీసుకోవడమే. శాంపిల్‌ను రెండు సీసాల్లో పోసి, ట్రైనర్ తరఫు మనిషి ఎదుటే సీలు వేసి నంబరు అంటిస్తారు. గుర్రం పేరు ఉండదు. ఒక సీసా పరీక్షకు, రెండోది ఎవరైనా ఫలితం ఒప్పుకోనప్పుడు మళ్లీ చూడడానికి. ఇంతవరకూ నాకు ఏ ఫిర్యాదూ లేదు.

ఫిర్యాదు ఆ తర్వాతి మాట మీద. దొరకలేదు కాబట్టి లేదు అంటున్నారే, అక్కడ. ల్యాబు ప్రధానంగా తన జాబితాలో ఉన్న మందుల కోసమే వెతుకుతుంది. జాబితాలో లేనిది కళ్లెదుటే ఉన్నా, యంత్రం గీసే బోలెడన్ని గీతల మధ్య ఇంకో గీతలాగా దాటిపోతుంది. 2012లో అమెరికాలో ఏం జరిగింది? డెర్మోర్ఫిన్ అని, దక్షిణ అమెరికా కప్ప చర్మంలో కనిపెట్టిన పదార్థం, మార్ఫిన్ కన్నా ఎన్నో రెట్లు ఘాటైంది. మార్ఫిన్ జాతి మందులు మనిషిని జోకొడతాయి, గుర్రాన్ని మాత్రం ఉరకలెత్తిస్తాయి. ఒక ల్యాబు తన పరీక్షను దానికోసం మార్చుకున్నాక ముప్పైకి పైగా గుర్రాలు వరసగా దొరికాయి. అంతకుముందు అదే మందుతో పరిగెత్తినవాటి కాగితాల మీద ఏం రాసి ఉంటుంది? నెగటివ్ అనేగా.

2020 మార్చిలో న్యూయార్క్‌లో ట్రైనర్లు, పశువైద్యులు, మందులు తయారుచేసేవాళ్లు కలిపి 27 మంది మీద కేసులు పెట్టారు. వాళ్లను పట్టించింది సీసా కాదు, ఫోన్ ట్యాపింగ్. పరీక్షకు అందని మందులే ఏరికోరి వాడారన్నది అభియోగం. వాళ్లలో హోర్హె నవారో అనే పేరున్న ట్రైనర్ నేరం ఒప్పుకున్నాడు, అయిదేళ్ల జైలు పడింది. రక్తంలో ఎర్రకణాలు పెంచే ఈపీఓ లాంటి మందులైతే రేసుకు చాలా ముందే ఇచ్చేస్తారు. రేసు రోజుకి మందు ఒంట్లో ఉండదు, దాని బలం ఉంటుంది. ఇక రేసు తర్వాత ఎంత ఈల వేస్తే ఏం లాభం?

అలాగని దొరికిన ప్రతివాడూ దొంగని నేను అనను. 2014లో బ్రిటన్ రాణి ఎలిజబెత్ గారి గుర్రం ఎస్టిమేట్‌కే మార్ఫిన్ పాజిటివ్ వచ్చింది. తీరా చూస్తే దాణాలో కలిసిన కల్తీ. మేత బస్తాలో కోకో పొట్టు కలిసినా, కెఫీన్ లాంటి థియోబ్రోమిన్ అనే పదార్థం కనబడుతుంది. అందుకే కొన్నింటికి ఇంత దాటితేనే నేరమని హద్దులు పెట్టుకున్నారు. ఈ తేడాలన్నీ మీ వార్తలో రెండు వాక్యాల్లో చెప్పవచ్చు. చోటు లేదంటారా, ఆ మైక్రోస్కోపు ఫొటోకి నాలుగు కాలమ్‌లు దొరికాయిగా.

ఆలస్యం గురించి అడగనే వద్దు. మెడీనా స్పిరిట్ అనే గుర్రం 2021 మే 1న అమెరికాలో పేరున్న కెంటకీ డెర్బీ రేసులో మొదట వచ్చింది. దాని శాంపిల్‌లో దొరికిన బీటామెథాసోన్ ఉత్తేజం ఇచ్చే మందు కాదు, వాపు తగ్గించేది, అది వేరే విషయం. గెలుపు రద్దు చేస్తున్నామని తేల్చింది 2022 ఫిబ్రవరిలో. గుర్రం డిసెంబరులోనే చచ్చిపోయింది. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయంటారు, ఇక్కడ ఆరు నెలలు కూడా చాలలేదు.

అధికారులు ప్రెస్ నోట్ ఇస్తారు, పత్రికలు దాన్ని అచ్చు తప్పులతో సహా వేస్తాయి. ఒకప్పుడు విలేకరి అన్నవాడు కనీసం ఒక ప్రశ్న అడిగేవాడు. ఎన్ని గుర్రాలు పరిగెత్తితే ఎన్నింటి శాంపిల్ తీశారు? గెలిచినవాటివేనా, ఆఖర్న వచ్చినవి కూడానా? శిక్షణ జరిగే రోజుల్లో చెప్పకుండా వెళ్లి ఎన్నిసార్లు తీశారు? జూలు వెంట్రుకల్లో కొన్ని మందుల జాడ నెలల తరబడి ఉంటుంది, ఆ పరీక్ష అసలు చేశారా? ఒక్కదానికీ ఆ వార్తలో జవాబు లేదు. 'పారదర్శకంగా' అన్న మాట మాత్రం మూడుసార్లు ఉంది. నేను లెక్కపెట్టాను.

ఈ ప్రశ్నలు మీరే వాళ్లకు పంపి, జవాబులొస్తే అదే పేజీలో వేయండి. మైక్రోస్కోపు మాత్రం ఈసారి వద్దు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ల్యాబ్ ఉద్యోగి