కాంతి మందుల వార్తల్లో ఆ ఒక్క మాట ముందే చెప్పండి

సంపాదకుడు గారికి నమస్కారం.

కాంతి సాయంతో మందును కణం లోపలే విడుదల చేయవచ్చంటూ మీ సైన్స్ పేజీలో వచ్చిన వార్త చదివాను. మంచి విషయం ఎంచుకున్నారు, బొమ్మ కూడా బాగుంది. అయితే శీర్షిక చూస్తే క్యాన్సర్‌కు చికిత్స దొరికేసినట్టే ఉంది. ఆ ప్రయోగం గాజు పాత్రలో పెంచిన కణాల మీద జరిగిందన్న ముక్క మాత్రం ఆఖరి పేరాలో, అదీ సగం వాక్యంలో తేల్చేశారు. అంతదాకా చదివేవాళ్లు ఎంతమంది? ఇంట్లో రోగి ఉన్నవాళ్లు శీర్షిక చూడగానే పేపరు పట్టుకుని డాక్టర్ దగ్గరికి పరిగెత్తుతారు.

నిజానికి ఇది నిన్నామొన్న పుట్టిన విద్య కాదు. 1978లో జాక్ కాప్లాన్, బ్లిస్ ఫోర్‌బుష్, జోసెఫ్ హాఫ్‌మన్ అనే పరిశోధకులు ఏటీపీ అణువుకు ఒక రసాయన తోకను తగిలించారు. ఏటీపీ అంటే కణం తన పనులకు వాడుకునే ఇంధనం. తోక ఉన్నంతసేపు దాన్ని కణంలోని ప్రొటీన్లు వాడుకోలేవు. అతినీలలోహిత కాంతి పడగానే బంధం తెగి అసలు ఏటీపీ బయటపడుతుంది. లోపలి సరుకంతా తీసేసిన ఎర్ర రక్తకణాల పొరల్లో, సోడియంను బయటికి తోసే పంపు ఆ ఏటీపీని వాడుకోవడం వాళ్లు గమనించారు. ఇలాంటి అణువులను అప్పటినుంచి ‘కేజ్డ్’ అణువులు, అంటే బోనులో పెట్టిన అణువులు అంటున్నారు.

ఇంత తతంగం ఎందుకంటే, కణం బయట మందు పోస్తే అది లోపలికి చేరేసరికి సెకన్లు, ఒక్కోసారి నిమిషాలు పడుతుంది. నరం సంకేతం పంపడం, కండరం బిగుసుకోవడం మిల్లీసెకన్ల వ్యవహారం. మందు వెళ్లేలోపు చూడాల్సింది జరిగిపోతుంది. బోనులోని అణువును ముందే కణంలో నింపి ఉంచితే, ఒక్క ఫ్లాష్‌తో మనం కోరిన క్షణంలో పని మొదలుపెట్టవచ్చు. 2001లో మత్సుజాకి, ఎల్లిస్-డేవిస్, కసాయి తదితర పరిశోధకులు నరకణాలు సంకేతాలకు వాడుకునే గ్లుటమేట్‌ను ఇలాగే బంధించి, మెదడు నరకణం కొమ్మ మీద సుమారు మైక్రోమీటరు సైజులో ఉండే ఒకే ఒక్క మొలక దగ్గర విడుదల చేశారు. పరారుణ ఫోటాన్లు, అంటే కాంతి రేణువులు, రెండు ఒకేసారి తగిలితే తప్ప ఆ బంధం తెగదు. అలా తగిలేది లేజర్ కిరణం కేంద్రీకృతమైన బిందువు దగ్గరే కాబట్టి దాని పైనా కిందా ఉన్న అణువులు బోనులోనే ఉండిపోతాయి. రెండు ఫోటాన్లు ఇలా కలిసి పనిచేయగలవని భౌతిక శాస్త్రవేత్త మరియా గోపెర్ట్ మేయర్ 1931లోనే ప్రచురితమైన తన పీహెచ్‌డీ గ్రంథంలో లెక్కగట్టి చెప్పారు. ప్రయోగంలో చూడాలంటే లేజర్ వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది! నా దృష్టిలో ఈ రంగం గొప్పతనమంతా ఇక్కడే ఉంది. మీ వార్తలో దీనికి చోటు దక్కలేదు.

మనిషి ఒంటి దగ్గరికి వచ్చేసరికి కథ మారుతుంది. తొలినాటి బోనులు తెగడానికి కావలసిన 350 నానోమీటర్ల తరంగదైర్ఘ్యమున్న అతినీలలోహిత కాంతి చర్మంలో ఒక మిల్లీమీటరు కూడా దిగదు. చీకట్లో సెల్‌ఫోన్ టార్చ్ మీద వేలు పెట్టి చూడండి, ఎరుపే బయటికి వస్తుంది. మిగతా రంగులను ఎక్కువగా రక్తమే మింగేస్తుంది. ఎరుపు, దాని పక్కనున్న పరారుణం అయినా పనికొచ్చే మోతాదులో వెళ్లేది కొన్ని మిల్లీమీటర్లు, మహా అయితే సెంటీమీటరు. పోనీ అన్నీ ఎరుపుకే తెగేలా తయారు చేయవచ్చు కదా అంటే, 700 నానోమీటర్ల ఎరుపు ఫోటాన్‌లో 350 నానోమీటర్ల దానిలో సగం శక్తే ఉంటుంది. దానితో బంధం తెంచడం కష్టం. ఆకుపచ్చ కాంతికి, ఎరుపుకు తెగే బోనులు వచ్చాయి, ఇంకా వస్తున్నాయి. అయినా లోతుగా ఉన్న కణితికి సన్నటి ఫైబర్‌తో కాంతిని తీసుకెళ్లాల్సిందే. ఒళ్లంతా పాకిన క్యాన్సర్‌లో ఏ చోటని వెలుగు వేస్తారు?

తెగిపోయిన బోను ఏమవుతుందో కూడా అడగాలి. పాత రకాల్లో మిగిలేది నైట్రోసో సమ్మేళనం, అది ప్రొటీన్లను దెబ్బతీయగలదు. కాంతికి మందు తెగడం ఎప్పుడూ మేలే చేస్తుందనుకోకూడదు. రక్తపోటును వెంటనే తగ్గించడానికి ఎక్కించే సోడియం నైట్రోప్రుస్సైడ్ వెలుతురుకు విడిపోయి సయనైడ్‌ను వదులుతుంది. అందుకే ఆ సీసాకు వెలుతురు తగలకుండా తొడుగు కప్పుతారు.

ఇప్పటికే ఆసుపత్రుల్లో ఉన్న కాంతి చికిత్సలు వేరు. పుట్టుకామెర్ల పిల్లలను నీలి కాంతి కింద పడుకోబెట్టే పద్ధతి 1958 నుంచి తెలిసిందే. అక్కడ కాంతి, ఒంటిని పచ్చగా మార్చే బిలిరుబిన్ అనే పదార్థం ఆకారాన్ని మార్చి, శరీరం దాన్ని బయటికి పంపేలా చేస్తుంది. క్యాన్సర్‌లో వాడే ఫోటోడైనమిక్ థెరపీకి 1993లో కెనడా అనుమతి ఇచ్చింది. అందులో మందు కాంతిని పీల్చుకుని పక్కనున్న ఆక్సిజన్‌ను విషంగా మారుస్తుంది. బోను తెరవడమన్నది ఈ రెంటిలోనూ లేదు. మీ వార్త మూడింటినీ ఒకే గాటన కట్టింది. ఇలాంటి వార్తల పక్కనే ఇంట్లో వాడుకునే ఎర్ర దీపాల ప్రకటనలు కనిపిస్తే చదివేవాళ్లు ఏమనుకోవాలి? ఒంట్లో ఆ అణువే లేనప్పుడు దీపం విడుదల చేసేదేముంది?

ఇలాంటి వార్త వేసినప్పుడల్లా ప్రయోగం జరిగింది గాజు పాత్రలో కణాల మీదా, ఎలుక మీదా, మనిషి మీదా అన్న మాట మొదటి పేరాలోనే వేయమని కోరుతున్నాను. ఏ రంగు కాంతి, ఎంత లోతు అన్నది విలేకరి అడిగితే పరిశోధకులే చెబుతారు. ఇదే పరిశోధన రేపు ఎలుకల దాకా వస్తే మళ్లీ రాయండి. అక్కడ ఫలించకపోతే ఆ సంగతి కూడా ఇదే పేజీలో, ఇంతే సైజు అక్షరాల్లో రాయండి.

ఇట్లు,
ఒక కెమిస్ట్రీ అధ్యాపకురాలు