రబ్బరు రింగుకు దిక్కులేదు గానీ కొత్త మోటారుకు ప్రతిపాదనలు

సంపాదకుల వారికి నమస్కారం.

పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో మా ఊరి మంచినీళ్ల మోటారు కాలిపోయిన వార్త వేశారు. ‘సాంకేతిక లోపం’ అని అధికారి చెప్పినట్టు రాశారు. ఆ రెండు మాటలు చదివినప్పటి నుంచి ఒళ్లు మండుతూనే ఉంది. వెంటనే రాద్దామనుకున్నాను గానీ, బిందెలు పట్టుకుని ట్యాంకర్ వెనక తిరగడంతోనే సరిపోయింది.

ఆ లోపం ఏమిటో ఊళ్లో అందరికీ తెలుసు. మోటారు పక్కనున్న నాన్ రిటర్న్ వాల్వు, అంటే నీళ్లను పైకి పోనిచ్చి వెనక్కి రానివ్వని తలుపు, ఆర్నెల్లుగా సరిగ్గా మూసుకోవడం లేదు. మా ట్యాంకుకు నీళ్లు ఎక్కే పైపూ దిగే పైపూ ఒకటే. రాత్రి కరెంటు పోయిందంటే ఎక్కిన నీళ్లన్నీ పంపు గుండా వెనక్కొచ్చి సంపులో పడతాయి. సంపు పొర్లి మురుక్కాలువలో కలుస్తుంది. తెల్లారేసరికి ట్యాంకు ఖాళీ. కాలువలు కట్టేసి, చెరువులో ఉన్న నీళ్లే లెక్కపెట్టుకుని తాగాల్సిన రోజుల్లో ఈ వైభోగం! బోరు వేసుకుందామంటే మా దగ్గర పడేది ఉప్పునీళ్లు.

ఆ రాత్రీ అదే జరిగింది. నీళ్లు దిగుతూ పంపును వెనక్కి తిప్పుతుండగా కరెంటు వచ్చింది, ఆపరేటర్ స్విచ్ వేశాడు. వెనక్కి తిరిగేదాన్ని పట్టి ముందుకు తిప్పాలంటే మోటారు ఎంత కరెంటు లాగుతుంది? వైండింగు మాడిపోయింది. ఆ కుర్రాణ్ణి తిట్టి లాభం లేదు, అతనికి ఈ సంగతి చెప్పిన పెద్దమనిషి ఒక్కడూ లేడు.

వాల్వు విప్పినప్పుడు నేను అక్కడే ఉన్నాను. లోపలి ఇనప తలుపుకు ఉండాల్సిన రబ్బరు రింగు లేదు. దాని బదులు లారీ ట్యూబు కత్తిరించి, గుండ్రం కూడా సరిగ్గా రాని ముక్క పెట్టి, పైన దట్టంగా గ్రీజు పూశారు. అది ఒకవైపు ఉబ్బి మెత్తబడింది, రెండోవైపు బోల్టు కింద మడతపడింది. మడతలో చిన్న నత్తగుల్ల. పాత రింగు ముక్క ఒకటి మూలన దొరికింది. గోరు గుచ్చితే దిగలేదు, వంచితే బిస్కెట్టులా విరిగింది.

ఇనుము మీద ఇనుము ఎంత నునుపుగా ఆనినా మధ్యలో ఇసుక రేణువు పడితే చాలు, నీళ్లు కారతాయి. రబ్బరైతే ఆ రేణువును తనలోకి దిగనిచ్చి చుట్టూ మూసుకుంటుంది. దాని పనే అది, మెత్తదనం పోయాక అది ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. మంచినీళ్ల లైన్లకు ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరు వాడతారు. దానికి నూనె, గ్రీజు పడవు. నూనె తగిలేచోట నైట్రైల్ అనే మరో రకం రబ్బరు వాడతారు. ఇలాంటి వాల్వులకు ఐఎస్ 5312 అని భారతీయ ప్రమాణమే ఉంది. అది కొనేటప్పుడు చూసే నంబరు, ఆ తర్వాత రింగు ఉందా ఊడిందా అని ఎవరు చూస్తారు? మా ట్యాంకు నీటిమట్టం 15 మీటర్ల ఎత్తు. ఆరంగుళాల తలుపు మీద సుమారు 270 కిలోల బరువు పడుతుంది, అంటే మూడున్నర ధాన్యం బస్తాలు. అంత బరువును ఆపడానికి లారీ ట్యూబు! అసలు రింగు ఖరీదు రావులపాలెంలో ఓ మంచి కర్పూర గెల ఖరీదు చేస్తుందేమో.

మా నాన్నగారి రోజుల్లో ఇంజను ఫుట్‌వాల్వుకు, అంటే నీళ్లు పీల్చే పైపు అడుగున ఉండే వాల్వుకు, తోలు వాషరు ఉండేది. ఊడ్పులకు ముందే విప్పి, నానబెట్టి, తోలు పోయిందనుకుంటే మార్చేవారు. మరీ అత్యవసరమైతే కారే సందులు పూడేలా పేడనీళ్లు పోసి గండం గడుపుకునేవాళ్లు. నాలుగు తరగతులు చదివిన రైతు చేసిన పని ఇప్పుడు ఇంతమంది ఇంజనీర్లకు చేతకాలేదు.

ఇది ఒక్క మా ఊరి గోడు కాదు. మన డ్రెయిన్ల చివర, సముద్రపు పోటు ఎక్కకుండా పెట్టిన స్లూయిజు తలుపులు చేసేదీ ఇదే పని. నీళ్లు బయటికి పోవాలి, లోపలికి రాకూడదు. పైగా అక్కడ మరీ కష్టం. నీటి బలం ఎక్కువైతే తలుపు తనంతట తనే బిగుసుకుంటుంది, రెండు వైపులా నీటిమట్టాల్లో జానెడు తేడా ఉన్నప్పుడే సందుల్లోంచి కారుతుంది. తుప్పుపట్టిన తలుపులు, చిరిగిన రబ్బరు పట్టీలు, వాటిలో ఇరుక్కున్న గుర్రపుడెక్క. ఉప్పునీళ్లు చేలోకి వచ్చాక పంట నష్టం రాసుకోవడానికి మాత్రం జీపులు బారులు తీరతాయి. మే 15న జయంతికి కాటన్ దొర విగ్రహానికి దండ వేసి ఫొటో దిగడానికి తీరిక ఉంటుంది, ఆ పెద్దాయన కట్టిన కాలువల కింద తలుపులు మూసుకుంటున్నాయో లేదో చూడ్డానికి ఉండదు.

ఇప్పుడు కొత్త మోటారుకు ప్రతిపాదనలు పంపామంటున్నారు. సంతోషం. ఈలోగా అద్దె మోటారు బిగించారు. వాల్వు మాత్రం పాతదే, ట్యూబు ముక్కను బోర్లా తిప్పి మళ్లీ అదే పెట్టారు. నిన్న రాత్రి కరెంటు పోయింది. సంపు పొర్లిన చప్పుడు మా అరుగు మీదికి వినిపించింది. ఆ ప్రతిపాదనల్లో ఆరంగుళాల రబ్బరు రింగులు రెండు, ఒకటి బిగించడానికి, ఒకటి స్పేరుకు, చేర్చమని మీ పత్రిక ద్వారా ప్రార్థన. అంత పద్దు భరించలేమంటే చెప్పండి, చందాలు వేసుకుంటాం.

ఒక రైతు,
రాజోలు ప్రాంతం, కోనసీమ