పల్లంలో గేరు దించడం పరీక్షలో ఏదీ?

సంపాదకులకు,

హెవీ లైసెన్సుకు వచ్చే కుర్రాళ్లకు గేర్లు ఎక్కించడం నేర్పుతున్నారు, దించడం నేర్పడం లేదు. ఖాళీ లారీ, చదును రోడ్డు, ఒకటి నుంచి ఆరు దాకా వరసగా వేయడం వస్తే చాలు, గేర్లు వచ్చేసినట్టే. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో 15వ నిబంధన తీసి చూడండి. అభ్యర్థి చేసి చూపాల్సిన పనుల్లో, పల్లంలో దిగేటప్పుడు కింది గేర్లకు త్వరగా మార్చడం అన్నది విడిగా రాసి ఉంది. ఎత్తు మీద ఆపి, వెనక్కి జారకుండా బండిని కదిలించడం దాని పక్కనే ఉంది. ఈ రెండోదానికి ట్రాకుల మీద ఎంతో కొంత చోటు దొరికింది. మొదటిదాన్ని ఖాళీ బండితో చదును నేల మీద ఎవరు చూపగలరు?

గేరు ఎక్కించడం తేలిక. లివర్ న్యూట్రల్‌లోకి రాగానే ఇంజను తిరుగుడు దానంతటదే పడిపోతుంది, పై గేరుకు కావలసిందీ అదే. దించేటప్పుడు వ్యవహారం తిరగబడుతుంది. ఐదుకు, నాలుగుకు మూడో వంతు తేడా ఉన్న గేరుబాక్సు అనుకుందాం. ఐదులో 1,400 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజను తిరిగే చుట్లు) మీద పోతున్న బండి అదే వేగంలో నాలుగుకు రావాలంటే ఇంజను సుమారు 1,870 తిరగాలి. ఆ తేడాను ఎవరో ఒకరు పూడ్చాలి. మంచి బండిలో గేర్ల వేగాలను కలిపే సింక్రో రింగులు పూడుస్తాయి. రింగులు అరిగిన బండిలో, లోడుతో దిగేటప్పుడు అవి చేతులెత్తేస్తాయి. గేరు గర్రుమంటుంది, పడదు.

అందుకే డబుల్ క్లచ్చి చేతికి రావాలి. క్లచ్చి తొక్కి లివర్‌ను న్యూట్రల్‌కు తేవాలి, క్లచ్చి వదలాలి, రేసు ఒక్కసారి 1,900 దగ్గరికి లేపాలి, వెంటనే మళ్లీ క్లచ్చి తొక్కి కింది గేరు వేయాలి. ఇదంతా రెండు సెకన్ల పని. నేర్చుకునేవాళ్లు ఎక్కువగా తప్పేది ఒక్కచోటే: మధ్యలో క్లచ్చి వదలకుండా రేసు ఇస్తారు. ఇంజను అరుస్తుంది గానీ గేరుబాక్సు లోపలి షాఫ్టుకు ఆ వేగం అందదు. సింక్రో ఉన్న కొత్త బండికి ఇది అక్కరలేదనే మాట నిజమే. కానీ కుర్రాడికి మొదట దొరికే డ్యూటీ కొత్త బండి మీద అయితేగా!

తొమ్మిది గేర్ల బండ్లలో ఇంకో చిక్కుంది. అతి నెమ్మదిగా లాగే క్రాలర్ గేరు కాక, లో రేంజిలో నాలుగు, హై రేంజిలో నాలుగు. రేంజి మార్చే స్విచ్ లివర్ నాబ్ మీద ఉన్న రకంలో నాలుగు, ఎనిమిది లివర్‌కు ఒకే చోట ఉంటాయి. రేంజి మారేది గాలి ఒత్తిడితో, అదీ లివర్ న్యూట్రల్ దాటేటప్పుడు. అక్కడ అరక్షణం ఆగకుండా లాగేస్తే రేంజి సగంలో ఇరుక్కుంటుంది. వేగంగా పోతూ పొరపాటున స్విచ్‌ను లో రేంజికి వేసి గేరు దించబోతే రేంజి సింక్రోకు నూకలు చెల్లినట్టే. ఒకవేళ గేరు పడిందా, ఇంజను హద్దు దాటి తిరుగుతుంది. ఇంజను వేగాన్ని అదుపు చేసే గవర్నర్ డీజిలు ఆపగలదే గాని, చక్రాలు ఇంజన్ని తిప్పుతుంటే ఏమీ చేయలేదు.

ఇక దిగుడు సంగతి. లోడుతో 28 టన్నుల పది టైర్ల లారీ 100 మీటర్ల ఎత్తు దిగితే విడుదలయ్యే శక్తి 90 లీటర్ల నీళ్లను మరిగించేంత. టైర్ల రాపిడి, ఎదురుగాలి కొంత తీసుకున్నా, మిగతాదంతా ఇంజను పట్టాలి లేదా బ్రేకు లైనర్లు పట్టాలి. డీజిలు మిగులుతుందని న్యూట్రల్ కొట్టినవాడు మొత్తం లైనర్ల నెత్తిన పెడుతున్నాడు. బ్రేకు డ్రమ్ములు కాలాక ట్యాంకుల్లో ఎయిర్ నిండుగా ఉన్నా, పెడలు ఎంత తొక్కినా బండి ఆగదు. మిగిలే డీజిలు కూడా భ్రమే. నేటి ఇంజన్లలో గేరులో ఉండి యాక్సిలేటర్ వదిలేస్తే ఇంజెక్టర్లు డీజిలు ఆపేస్తాయి, న్యూట్రల్‌లోనే ఇంజను ఆగిపోకుండా ఎంతో కొంత తాగుతుంది.

ఎక్కిన గేరులోనే దిగాలన్నది పాతకాలం లెక్క. ఇప్పటి ఇంజన్లు పై గేరులోనే ఎత్తు లాగేస్తున్నాయి కాబట్టి, దిగేటప్పుడు ఇంకో గేరు తగ్గించాలి. అదీ పల్లం మొదలుకాక ముందే. నంద్యాల–గిద్దలూరు ఘాట్‌లోనో, సాలూరు నుంచి కోరాపుట్ పోయే దారిలోనో సగం దిగాక గేరు వెతుక్కునే బండి, ఆ వెతుకులాట అయ్యేదాకా న్యూట్రల్‌లో ఉన్నట్టే. క్లచ్చి తొక్కినంతసేపూ, పొగ గొట్టాన్ని మూసి ఇంజనుతోనే బండిని నిదానింపజేసే ఎగ్జాస్ట్ బ్రేకూ పనిచేయదు. ఆర్‌పీఎం మీటరులో ఆకుపచ్చ గీత దాటొద్దని స్కూల్లో చెబుతారు. అది బండి లాగేటప్పటి మాట. దిగేటప్పుడు ఇంజను ఎర్ర గీతను ముట్టకుండా, ఆకుపచ్చకు పైన తిరిగితేనే ఎగ్జాస్ట్ బ్రేకుకు బలం. వేగం పెరిగితే బ్రేకు గట్టిగా తొక్కి ఎనిమిది, పది కిలోమీటర్లు తగ్గించి పూర్తిగా వదిలేయాలి. పెడలు మీద కాలు ఆనించి దిగితే డ్రమ్ములకు చల్లారే వ్యవధి ఉండదు.

ట్రాన్స్‌పోర్టు బండ్లకు డ్రైవింగ్ స్కూళ్లలో కనీసం 30 రోజుల శిక్షణ, అందులో స్టీరింగు పట్టే సమయం 15 గంటలు ఉండాలని 31వ నిబంధన. గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాలకు 2021లో పెట్టింది ఆరు వారాల్లో 38 గంటలు. ఇందులో నాలుగు గంటలు ఇసుక బస్తాల లోడుతో వాలు రోడ్డు మీద పెట్టమని రవాణా శాఖలను కోరుతున్నాం. పరీక్షకు కూడా కొత్త చట్టం అక్కర్లేదు. ఇన్‌స్పెక్టరు పక్క సీట్లో కూర్చుని అర కిలోమీటరు వాలు దింపిస్తే చాలు. పల్లం బోర్డు రాకముందే గేరు దించాడా, క్లచ్చి రెండు సెకన్లకు మించి తొక్కి ఉంచాడా, కిందికి చేరాక డ్రమ్ముల నుంచి కాలిన వాసన వస్తోందా, ఈ మూడూ చూసి సంతకం పెట్టవచ్చు.

– కొందరు హెవీ డ్రైవింగ్ శిక్షకులు,
నంద్యాల